పగలవలసిన అద్దం ముక్క

నేను ఒక అద్దం ముక్కను. మొహం చూసుకునే అద్దాన్ని కాను, అంత భోగం నాకెక్కడిది! ఫొటోలకు కట్టే పల్చటి అద్దాన్ని కోయగా మిగిలిన బద్దను. జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు, అంతే నా ఆస్తి.

ఎక్కడో కొలిమిలో ఇసుకగా కాగి, పలకగా పరుచుకుని, గడ్డి మధ్య లారీలో ఊగుతూ చిలకలూరిపేటలో ఒక ఫొటోల కొట్టుకు చేరాను. నాతో పుట్టిన పెద్ద పలకలు పెళ్ళి ఫొటోల మీదా, దేవుళ్ళ పటాల మీదా ఎక్కి కూర్చున్నాయి. నేనూ, నాతోపాటే తెగిన మా అక్కా బల్ల కింద దుమ్ములో పడ్డాం. అక్కడి నుంచి మమ్మల్ని ఏరుకున్నవాడు ఆదెయ్య మేస్త్రి.

ఆదెయ్య గోడల వైద్యుడు. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు గానీ, బీటలిచ్చిన గోడకు నాడి చూసేవాడు ఆయనొక్కడే. మాది నల్లరేగడి నేల. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. దాని మీద నిలబడ్డ గోడలు ఊరికే ఉంటాయా? అందుకే ఆయనకు చేతినిండా పని. చెయ్యి మంచిదే, నోరే మహా పొదుపు. ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో ఇంటివాళ్ళకు విడమరిచి చెప్పడమంటే ఆయనకు నామోషీ.

ఆ వేసవిలో సీతారావమ్మ కబురు పెట్టింది. ఆమె జాకెట్లు కుట్టి బతుకుతుంది. మొగుడు లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో కనిపిస్తే గొప్ప. రెండు గదుల ఇల్లు. దక్షిణం గోడకు కిటికీ, వెలుతురు కోసం ఆ కిటికీ కిందే కుట్టుమిషను. కిటికీ మూల నుంచి పునాది దాకా మెట్లు దిగినట్టు ఒక బీట. బయటా అదే చోట, లోపలా అదే చోట. అంటే చిట్లింది పైపూత కాదు, గోడే.

ఆదెయ్య తాపీ పిడితో గోడంతా తట్టి, చెవి పెట్టి విన్నాడు. బీటలో అగ్గిపుల్ల దూర్చి చూశాడు. స్నానాలగది నీళ్ళు ఆ మూలనే ఇంకుతున్నాయని పట్టేశాడు. గొట్టం వేసి దూరంగా మళ్ళించమంటే సీతారావమ్మ వారంలో వేయించింది. ఇక మెత్తబడ్డ నేల గట్టిపడుతుందో లేదో తేలాలి. మా అక్కను బీటకు అడ్డంగా పెట్టి, రెండు చివరలా సిమెంటు ముద్ద వేసి, ఎర్రరంగుతో తారీఖు రాశాడు. నన్ను కిటికీ పక్క గూట్లో పడేసి, వానలు పడ్డాక వస్తానని వెళ్ళిపోయాడు.

మా అక్క పని చాలా చిన్నది. గోడ కదిలితే పగలాలి. పగిలిందంటే బీట ఇంకా బతికే ఉందని, మూల కింద తవ్వి పునాదికి కాంక్రీటు పొయ్యాలని అర్థం. పగలకపోతే అది చచ్చిన బీట, సిమెంటు కూరితే చాలు. ఈ సంగతి ఆదెయ్యకు తెలుసు, మా ఇద్దరికీ తెలుసు. ఆ గోడ కింద రోజుకు పదిగంటలు కూర్చునే మనిషికి మాత్రం తెలియదు.

శ్రావణంలో వానలు దంచాయి. ఒక మధ్యాహ్నం మా అక్క టప్పున రెండు ముక్కలైంది. ఎంత గర్వపడ్డానో! చెప్పవలసింది చెప్పేసింది, ఇక మేస్త్రి వచ్చి చూసుకోవడమే అనుకున్నాను.

మర్నాడు వరలక్ష్మీ వ్రతం. ఇల్లు కడుగుతూ సీతారావమ్మ అక్కను చూసి అదిరిపడింది. పగిలిన అద్దం ఇంటికి అంటుకుని ఉంటే లక్ష్మి గడప తొక్కదని ఆమె భయం. అక్కను ఊడబెరికి, చీపురుతో ఊడ్చి, పెంటకుప్ప మీద పారబోసింది. గూట్లోంచి నన్ను తీసి, పైటకొంగుతో తుడిచి, గొట్టం పనికి తెచ్చిన సంచిలో మిగిలిన సిమెంటు కలిపి అదే చోట అంటించింది. మనిషి మహా శుభ్రం. పాతదానికీ కొత్తదానికీ తేడా రాకూడదని, అదే తారీఖు గోళ్ళరంగుతో నా మీద అచ్చంగా దించింది.

వద్దు తల్లీ అని అరవడానికి నాకు నోరేది? నాకున్న ఒక్క మాటా పగలడమే. పగలాలని రెండు వారాలు ఎంత కోరుకున్నానో చెప్పలేను. పాడు వాన వెలిసింది. గోడ కిమ్మనకుండా నిలబడింది.

అప్పుడొచ్చాడు ఆదెయ్య. నన్ను చూడగానే మొహం విప్పారింది. చచ్చిన బీటేనని, ఇక నిశ్చింతగా కుట్టుకోమని సీతారావమ్మకు చెప్పాడు. వేలు తగలగానే ఊడి ఆయన చేతిలోకి వచ్చేశాను. మూడు నెలల సిమెంటు అలా ఊడుతుందా? అక్కడైనా అనుమానం రావలసింది. మంచి కబురును మనుషులు గీకి చూడరు కాబోలు. బీటలో సిమెంటు కూరి, పైన సున్నం కొట్టి, నన్ను పనిసంచిలో వేసుకుని వెళ్ళాడు.

కార్తీకంలో తుపాను పట్టింది. మూడోరోజు పొద్దున సీతారావమ్మ పెళ్ళివారి జాకెట్లు కుడుతుంటే, కిటికీ గోడ మిషను మీదికి ఒరిగిపోయింది. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి నలిగిపోయింది. ఆ చెయ్యి ఇక కత్తెర పట్టదని ఆసుపత్రిలో తేల్చేశారు.

ఊరంతా ఆదెయ్యను తిట్టింది. ఆయన తన ఇంటి అరుగు మీద కూర్చుని, నన్ను సంచిలోంచి తీసి, తిప్పి తిప్పి చూశాడు. ఎందుకో తారీఖు మీద గోటితో గీకాడు. ఎర్రటి పొర మెరుస్తూ లేచి వచ్చింది. ఆయన పూసే రంగు అలా లేవదు.

మర్నాడు నన్ను జేబులో పెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాడు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూపిస్తే ఆమె ఏమీ దాచలేదు.

"అది పగిలిపోయింది బాబాయ్. వ్రతం పూట పగిలిన అద్దం ఎందుకని నేనే మార్చా. మార్చకూడదా?"

ఆదెయ్య నన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నీ తప్పేం లేదమ్మాయ్. పగలటానికే పెట్టానని నీకు చెప్పలా. ఒక్క మాట. చెప్పలా నేను."

ఇప్పుడు ఆయన ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఇంటిల్లిపాదినీ పిలుస్తాడు. నన్ను వాళ్ళ చేతికిచ్చి, అద్దం ఎందుకు పెడుతున్నాడో, పగిలితే ఏం చెయ్యాలో అంతా చెప్పాకే గోడ మీద చెయ్యి వేస్తాడు. వాళ్ళు నన్ను వెలుతురుకు పెట్టి, ఎంత చక్కగా ఉందో అంటారు. నిజమే, ఇన్ని చేతులు మారినా నా ఒంటి మీద గీత కూడా పడలేదు. వాళ్ళు అలా మెచ్చుకున్నప్పుడల్లా నాకు సీతారావమ్మ చెయ్యే కనిపిస్తుంది.