వెర్లిన్ బొటనవేలు

సీటు తుడిచి, వెర్లిన్ స్ట్రౌడ్ దానిమీద పాత కాన్వాసు దిండు వేశాడు. కుడి వైపు పొద్దుతిరుగుడు గింజల పొట్లం, ఎడమ వైపు చల్లటి టీ, ఒళ్ళో నోటుపుస్తకం. చివరగా చొక్కా జేబులోంచి స్టాప్‌వాచీ తీసి, దాని నల్ల తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టాడు. ముడి దగ్గర తాడు చెమట ఉప్పుకు తెల్లబారిపోయింది. బ్యాటు పట్టేవాడి వెనక ఏడో వరస, రెండింటికల్లా నీడ పడే చోటు. పదకొండు అక్టోబర్లుగా అదే సీటు.

మేసా మైదానంలో ఆ రోజు చూసేవాళ్ళు నూటయాభై మంది ఉంటారు. పెద్ద క్లబ్బులు తమ కింది జట్లలోంచి ఏరి ఇక్కడికి ఆరు వారాలకు పంపిన కుర్రాళ్ళ బేస్‌బాల్ ఆట అది. వాళ్ళలో ఎవడు పైకెళ్తాడో, ఎవడు ఇంటికెళ్తాడో రాసి పంపేవాళ్ళు ఓ ముప్ఫై మంది అక్కడే కూర్చుంటారు. వెర్లిన్ వాళ్ళలో ఒకడు.

సీట్లు చూపించే ఒఫీలియా బర్రాసా మెట్లు దిగి వచ్చి, రేకు కాగితంలో చుట్టిన బరీటో అతడి దిండు పక్కన పెట్టింది.

"ఏం పెద్దాయనా, ఇవాళైనా చప్పట్లు కొడతావా?"

"చేతులు ఖాళీ లేవు కదమ్మా."

"పదకొండేళ్ళుగా ఇదే మాట. మిరపకాయలు ఎక్కువేశాను. ఏడిస్తే నా తప్పు కాదు."

అతడు నవ్వి వేళ్ళు దులుపుకున్నాడు. చిన్నప్పుడు సొంతూరు సాఫర్డ్‌లో పత్తి తీసిన వేళ్ళు అవి. తర్వాత రెండేళ్ళు చిన్న జట్లలో, బ్యాటు పట్టేవాడి వెనక బంతులు పట్టాయి. విరిగి అతుక్కున్న ప్రతి వేలూ ఒక్కో దిక్కు చూస్తుంది. ఆ తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్ళు కారు చక్రం పట్టుకున్నాయి, ఈ వాచీ నొక్కాయి.

వెర్లిన్ ఇవాళ సెడెన్యో కోసం వచ్చాడు. అమడోర్ సెడెన్యో, డొమినికన్ కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళు, మధ్య మైదానంలో నిలబడతాడు. బ్యాటుతో పెద్దగా కొట్టలేడు. సొంత క్లబ్బు అతడిని వదులుకోబోతోంది. వెర్లిన్ క్లబ్బు తీసుకుంటే ఆట ఉంటుంది, లేకపోతే ఊరికి విమానం టికెట్టు. రెండు వారాల కింద వెర్లిన్ అతడి పరుగుకు డెబ్బై మార్కులు వేశాడు. ఎనభైకి మించి ఎవరికీ వెయ్యరు. ఆ డెబ్బై చూశాకే ఆఫీసువాళ్ళు మెత్తబడ్డారు. ఆఖరి మాట ఇవాళ సాయంత్రం అయిదింటిలోపల చెప్పాలి.

మూడో ఇన్నింగ్స్‌లో సెడెన్యో బంతిని నేలబారుగా కొట్టి పరుగెత్తాడు. బ్యాటు చప్పుడుకు వెర్లిన్ నొక్కాడు. మొదటి బేసు మీద కాలు పడగానే మళ్ళీ నొక్కాడు. 4.11 సెకండ్లు.

"నాలుగు పాయింట్ మూడు," అన్నాడు రెండు సీట్ల అవతలి బర్ల్ మెగీ. వేరే క్లబ్బువాడు, పాతికేళ్ళుగా పోటీ.

"నాలుగు పాయింట్ ఒకటి."

"నీ వాచీ వాడికి చుట్టమా ఏం?"

"నీ కళ్ళద్దాలు మార్చుకోరా."

"మొన్న మార్చానురా ముసలోడా. ఈమధ్య నీ పుస్తకంలో అందరూ జింకలే. బంతి విసిరేవాళ్ళు కూడా."

వెర్లిన్ గింజల తొక్క ఊశాడు. నవ్వు మాత్రం రాలేదు. పుస్తకం వెనక పేజీల్లోని ఏళ్ళవారీ లెక్క తీశాడు. నిరుడు అతడు డెబ్బై వేసినవాళ్ళు నలుగురు. అంతకుముందు ఏడు ముగ్గురు. ఆ ముందు ఇద్దరు. అంతకుముందు పదేళ్ళలో కలిపి ఇద్దరే.

బంతి విసిరేవాడిని తొందరపెట్టే గడియారం ఎదురు గోడ మీద ఉంది. పదిహేను దగ్గర ఆగి ఉంటుంది, ఉన్నట్టుండి వెనక్కి నడుస్తుంది. పద్నాలుగు కనబడగానే నొక్కి, నాలుగు కనబడగానే ఆపాడు. పది సెకండ్లు రావాలి. 9.79 వచ్చింది. మళ్ళీ చేశాడు. 9.81. ఇంకోసారి. 9.78.

ఆగే అంకె వచ్చేది ముందే తెలుస్తుంది కనక వేలు సిద్ధంగా ఉంటోంది. మొదలయ్యేది మాత్రం చెప్పిరాదు.

"ఒఫీలియా, ఒకసారి ఇలా కూర్చో."

"డ్యూటీలో కూర్చుంటే తిడతారయ్యా."

"ఒక్క నిమిషం. ఆ గోడ మీద పద్నాలుగు రాగానే ఇది నొక్కు. నాలుగు రాగానే మళ్ళీ నొక్కు."

మొక్కజొన్న పొత్తి ఆకుల్లో వేలకొద్దీ తమాలేలు చుట్టిన పొట్టి వేళ్ళు ఆమెవి. నాలిక బయటపెట్టి, స్కూలుపిల్లలా నొక్కింది. 9.99.

"ఏం గెలిచాను?"

"చాలా గెలిచావు," అన్నాడు వెర్లిన్.

వాచీ బాగానే ఉంది. ఆమె లేచి వెళ్ళిపోయాక అతడు కుడి బొటనవేలిని కాసేపు చూశాడు. కుర్రాళ్ళు జింకలు కాలేదు. మూడేళ్ళుగా ఇదే ఆలస్యంగా బయలుదేరుతోంది.

నెడీన్ గుర్తొచ్చింది. రోడ్డు మీద ఉన్నన్నాళ్ళూ రోజూ సాయంత్రం ఆరింటికి మోటెల్ గది నుంచి భార్యకు ఫోను చేసేవాడు. వంటింట్లోంచి వచ్చి నాలుగో మోతకు ఎత్తేది. ఒక ఏడు అది అయిదో మోత అయింది, ఎండాకాలానికి ఆరు, ఆ అక్టోబరుకు ఏడు. లెక్కపెట్టడం అతడి అలవాటు, కనక అన్నీ లెక్కపెట్టాడు. ఎందుకని మాత్రం అడగలేదు. ఆ అక్టోబరు ఆటలు పూర్తయ్యేదాకా ఇంటికీ వెళ్ళలేదు. వెళ్ళేసరికి డాక్టర్లు చెయ్యగలిగింది ఏమీ మిగల్లేదు.

మణికట్టు మీది తాడు విప్పి, వాచీని సీటు చేతికి తగిలించాడు. చేతులు ఖాళీ అయ్యాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఉత్త కళ్ళతో ఆట చూశాడు.

వాచీ ఉన్నన్నాళ్ళూ అతడు చూసింది బ్యాటునూ బేసునూ. ఇప్పుడు సెడెన్యో కాళ్ళు చూశాడు. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక బంతి కుడివైపు లోతుగా వెళ్ళింది, కుర్రాడు పరుగు తగ్గించకుండానే అందుకున్నాడు. ఏడోదాంట్లో ఇంకొకటి, ముందుకు, తక్కువ ఎత్తులో. అదీ అందింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వెర్లిన్ బంతిని వదిలేసి కుర్రాడి ఎడమ పాదాన్నే చూస్తూ కూర్చున్నాడు. బ్యాటుకు బంతి తగలకముందే ఆ మడమ లేచింది. కొట్టేవాడి భుజం చూసి కదులుతున్నాడు. కాళ్ళు అందరిలాంటివే. అందరికంటే ముందు బయలుదేరుతున్నాయి.

ఆట ముగిసేసరికి నాలుగూ ఇరవై. ఆఫీసుకు ఫోను చేశాడు. కొలీన్ ఎత్తింది. పందొమ్మిదేళ్ళుగా అతడి రిపోర్టులు టైపు చేసేది ఆవిడే.

"సెడెన్యో," అన్నాడు. "పరుగు, యాభై."

"డెబ్బై కదండీ ఇచ్చారు? రెండు వారాల్లో కాలేమన్నా విరిగిందా?"

"కాలు బానే ఉంది. నా బొటనవేలే లేటు. అయిదో వంతు సెకండు."

అవతల టైపు చప్పుడు ఆగింది.

"అది కూడా రాయమంటారా?"

"రాయి. మూడేళ్ళుగా నేను డెబ్బై వేసినవాళ్ళు ఇతడు కాక తొమ్మిదిమంది. పేర్లు చదువుతా, అందరి టైముకూ ఆ అయిదో వంతు కలుపుకోమను. తప్పు నాదని రాయి, వాళ్ళది కాదు."

"వెర్లిన్ గారూ, ఇది పైకి వెళ్తే మీకు..."

"తెలుసమ్మా. పేర్లు రాసుకో."

తొమ్మిదీ నిదానంగా చదివాడు. ఆవిడ ఒక్కటీ మళ్ళీ అడగలేదు.

"ఇంకోటి రాయి. సెడెన్యో పేరు కింద. బంతి తగలకముందే మడమ లేస్తుంది. భుజం చదువుతాడు. యాభై కాళ్ళతో డెబ్బైవాడు చేరే చోటికి చేరతాడు. వాచీకి ఇది కనబడదు. వచ్చి చూడమను."

"ఎవరిని పంపమని రాయాలి?"

"నన్ను కాకుండా ఎవరినైనా."

"ఇంటికి జాగ్రత్తగా వెళ్ళండి," అంది కొలీన్. "కంప్యూటర్లో పంపకుండా నేనే కాగితం మీద తీసి క్లబ్బు పెద్దాయన బల్ల మీద పెడతాను. చదివేదాకా కదలను."

ఫోను జేబులో పెట్టుకునేసరికి బర్ల్ తన పుస్తకం తెరిచి ఉన్నాడు. వినలేదన్నట్టు మైదానం వైపు చూస్తున్నాడు.

"ఎడమ మడమా?" అన్నాడు.

"ఎడమది."

"ఛ. నాలుగు వారాలుగా చూస్తున్నా, నాకు కనబడలేదురా." పెన్సిలు నాలికకు తగిలించి, ఒక వరస రాసుకున్నాడు. "రేపు పియోరియాలో ఆట. వస్తున్నావా?"

"లేదు."

బర్ల్ తలూపాడు. ఎన్నడూ లేంది లేచి చెయ్యి చాచాడు. వెర్లిన్ వంకర వేళ్ళను రెండు చేతుల్లోకీ తీసుకుని వదిలాడు.

సాయంత్రపు ఎండ పడి తూర్పున సూపర్‌స్టిషన్ కొండలు ఎర్రబడుతున్నాయి. వెర్లిన్ దిండు చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. పైమెట్టు దగ్గర ఆగి వెనక్కి తిరిగి, ఖాళీ మైదానానికి రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత అతడి పికప్పు బండి సాఫర్డ్ దారి పట్టింది.

ఒఫీలియా చీపురుతో వరసలు దిగుతూ ఏడో దాంట్లో ఆగింది. గింజల తొక్కలన్నీ ఒక కాగితపు కప్పులో వేసి ఉన్నాయి. బరీటో రేకు నాలుగు మడతలు పెట్టి ఉంది. సీటు చేతికి నల్ల తాడుతో వాచీ వేలాడుతోంది. దాని మీది అంకెలు ఆయన చెరపలేదు. 9.99.