పూలజడ లేని ఫొటో

ఆ ఇంటి ముందుగదిలో గోడ నిండా ఆడపిల్లలే. అందరూ నిలువుటద్దానికి వీపు పెట్టి నిలబడ్డవాళ్ళే. ముందువైపు మొహం, వెనక అద్దంలో మల్లెమొగ్గలు కుట్టిన పొడుగాటి జడ. ఒకే పిల్ల ఇటు తిరిగి మనల్ని చూస్తూ ఉంటుంది, అటు తిరిగి ఎక్కడికో వెళ్ళిపోతూ ఉంటుంది. మధ్యాహ్నం కాలవ మీద పడ్డ ఎండ కిటికీలోంచి లోపలికొచ్చి ఫొటోల మీద కదులుతుంటే, జడలు కూడా నీళ్ళలో ఉన్నట్టు నెమ్మదిగా ఊగుతాయి.

కొత్తపేటలో కాలవగట్టు మీదున్న ఆ ఇంట్లో, ఆడపిల్ల చదువుకో కాపురానికో ఊరు దాటేముందు మల్లెల రోజుల్లో పూలజడ వేసి ఫొటో తీయడం ఆనవాయితీ. పైవరసలో నలుపు తెలుపు ఫొటోలు ఇంటి పెద్దావిడ దుర్గాంబగారి ఆడపడుచులవి. కిందివరస అంతా ఆవిడ కొడుకు రామకృష్ణ తీసినవి. ఆయన కోర్టులో గుమాస్తా. ఫొటోలు ఆయన సరదా. అద్దం కాలికింద చెక్కముక్క పెట్టి కొద్దిగా ఒరగదీసి, తను పక్కకి నిలబడి తీసేవారు. అందుకని అద్దంలో జడ పడేదే గాని, కెమేరా పట్టుకున్న మనిషి ఎప్పుడూ పడేవారు కాదు.

పోయిన శ్రావణంలో ఆయన పోయేక, భార్య జ్యోతిర్మయి ఒక మధ్యాహ్నం ఆ ఫొటోలన్నిటి దగ్గరికీ వెళ్ళి అద్దాల్లోకి చూసింది. ఎక్కడైనా ఒక మోచెయ్యి, చొక్కా అంచు, నీడ. ఎక్కడా ఆయన లేరు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. హైస్కూల్లో సోషల్ చెప్పే ఆమె ఇదివరకు ఇంట్లోనూ గట్టిగా మాట్లాడేది. ఇప్పుడు పాఠం అయిపోతే మాట కూడా అయిపోతోంది.

ఈ ఏడు వంతు నిఖితది. ఒక్కగానొక్క కూతురు. ఇంటర్ పరీక్షలయ్యేయి. వచ్చేవారం విశాఖపట్నం వెళ్ళిపోతోంది. డిజైన్ కోర్సుకి కోచింగు, తరవాత అక్కడే కాలేజీ.

కాని నిఖితకి జడ లేదు.

పరీక్షలైన మర్నాడు రాజమండ్రి వెళ్ళి, సాయంత్రం బస్సు దిగేసరికి చెవుల పైనా మెడ మీదా నున్నగా మిషను కొట్టించుకుని ఉంది. నడినెత్తిన మాత్రం గుప్పెడు జుట్టు. దానికి చీకటి పడబోయే ముందు ఆకాశానికుండే నీలం. చెవి చుట్టూ వెండి రింగులు, గోళ్ళకి నల్లరంగు, వదులుగా నల్లచొక్కా, ఇంత ఎండలోనూ కాళ్ళకి బూట్లు. జ్యోతిర్మయి ఆ రాత్రి ఏమీ అనకుండా అన్నం పెట్టింది. తండ్రి పోయిన దిగులు, అనుకుంది. దిగులు తగ్గుతుంది, జుట్టు పెరుగుతుంది.

మర్నాడు స్టాఫ్‌రూములో ఎవరో, పిల్ల జుట్టేమైందని అడిగేరు. "వాడపల్లి వెంకన్నకి తలనీలాల మొక్కండీ," అంది ఆమె. ఎలా వచ్చిందో ఆ మాట వచ్చేసింది. వినగానే ఎదుటివాళ్ళ మొహాలు మెత్తబడ్డాయి. మళ్ళీ ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి అత్తగారికీ అదే చెప్పింది, పక్కింటి భూలక్ష్మికీ అదే చెప్పింది. నిఖితకి మాత్రం చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం భూలక్ష్మి తడిగుడ్డ కప్పిన పళ్ళెంతో వచ్చింది. వాళ్ళ పెరట్లో మల్లెపొదలున్నాయి. ఈ వీధిలో పూలజడ ఎవరిదైనా కుట్టేది ఆవిడే.

"టీచరుగారూ, మొగ్గలు కళ్ళు తెరిచేలోపే కుట్టేయాలండి. ఏదీ పిల్ల?"

నిఖిత ముందుగదిలోనే నాన్నమ్మ దుర్గాంబగారి వాలుకుర్చీ పక్కన నేలమీద కూర్చుని ఉంది. భూలక్ష్మి చంకలోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. అందులో నల్లగా నిగనిగలాడుతూ సవరం.

"ఇదెందుకు పిన్నీ?" అంది నిఖిత.

"మరి మొగ్గలు దేనికి కుట్టను తల్లీ, గాలికా? నీ నెత్తిమీదున్న గుప్పెడికీ దీన్ని బిగించి కట్టేస్తాను. ముందు పాపిటబిళ్ళ పెట్టేస్తే ఎవడికీ తెలీదు. అమ్మగారే తెమ్మన్నారు."

నిఖిత తల్లివైపు చూసింది. జ్యోతిర్మయి కిటికీ రెక్క సర్దుతోంది.

భూలక్ష్మి కింద చతికిలబడి దారం ఎక్కిస్తూ, "నాకో అనుమానమండి మామ్మగారూ," అంది దుర్గాంబగారితో. "మొక్కంటే మొత్తం ఇచ్చేయాలి గదండి. ఈ పిల్ల పక్కలిచ్చి పైన దాచుకుందేంటండి? మంగలాయన మధ్యలో టీకి వెళ్ళిపోయేడా?"

దుర్గాంబగారు నవ్వేరు. నిఖిత నవ్వలేదు.

"ఏ మొక్కు?"

"అదేనమ్మా, మీ నాన్నగారి పేరు మీద వాడపల్లిలో ఇచ్చేవంట గదా. మొన్న శనివారం నేను ప్రదక్షిణాలు చేసినప్పుడు నీ పేరు కూడా చెప్పుకున్నాను, చల్లగా చూడమని."

నిఖిత లేచింది. "చెప్పుకున్నందుకు సంతోషం పిన్నీ," అని మర్యాదగానే అని, దొడ్డిదారిన రేవులోకి వెళ్ళిపోయింది.

జ్యోతిర్మయి కొంచెం ఆగి వెనకే వెళ్ళింది.

వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేసే రోజులు ఇంకా రాలేదు. నీళ్ళు నిండుగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. గుర్రపుడెక్క గుంపులుగా విడివడి తేలుతూ, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు తాపీగా వెళ్తోంది. అవతలి గట్టు కొబ్బరిచెట్లు నీళ్ళలో తలకిందులుగా నిలబడి ఉన్నాయి. నిఖిత బూట్లు విప్పి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. జ్యోతిర్మయి ఒక మెట్టు పైన కూర్చుంది. అక్కణ్ణించి కూతురి మెడ కనిపిస్తోంది. మిషనుతో గీసిన సన్నటి అలల గీతలు, వాటి కింద ఒక పుట్టుమచ్చ. పసిపిల్లప్పుడు నీళ్ళు పోస్తూ రోజూ చూసేది దాన్ని. జడలు వేయడం మొదలెట్టేక, అది ఉన్న సంగతే మర్చిపోయింది.

"ఎందుకు చెప్పేవమ్మా అలా?" అంది నిఖిత, వెనక్కి తిరక్కుండానే.

"అడగడం మానేస్తారని."

"మానేసేరా?"

"మానేసేరు."

"బాగుంది. నేనేదో దొంగతనం చేస్తే తీసుకెళ్ళి దేవుడి వెనకాల దాచినట్టుంది."

నీళ్ళ మీద ఒక కొబ్బరిమట్ట తేలుతూ వచ్చి, రేవు మెట్టుకి తగిలి, కాస్త ఆలోచించుకుని పక్కనుంచి వెళ్ళిపోయింది.

"నాన్న పోయిన దిగులనుకున్నాను," అంది జ్యోతిర్మయి.

"దిగులుంది. అది వేరే." నిఖిత కాళ్ళు కదిపింది. "ఇది నాన్న ఉండగానే చేయించుకుందామనుకున్నాను. ధైర్యం చాల్లేదు. ఇప్పుడు చేయించుకుంటే ఒకళ్ళు దిగులంటారు, ఒకళ్ళు మొక్కంటారు. ఆ పిల్లకి అలా ఉండటం ఇష్టం అని ఒక్కళ్ళకైనా తోచదేంటమ్మా? పొద్దున్న లేచి అద్దంలో చూసుకుంటే, ఆఁ, నేనే, అనిపిస్తుంది. ఇదివరకు అలా అనిపించేది కాదు."

జ్యోతిర్మయి ఒక మెట్టు కిందికి జరిగింది.

"సవరం కట్టుకుని నిలబడమంటే నిలబడతాను. నీకోసం. కాని తరవాత నేనిక్కడ ఉండను. నువ్వు రోజూ గోడ మీద ఎవరో జడ పిల్లని చూసుకుంటూ ఉంటావు. నన్ను కాదు. దానికంటే నా ఫొటో వద్దు. అక్కడ ఖాళీగా ఉంచేసెయ్యి."

ఎండ నీళ్ళలోంచి లేచి జ్యోతిర్మయి మొహం మీద ఆడింది. ముందుగది గోడ ఆమె కళ్ళముందుకొచ్చింది. అన్ని అద్దాలు, వాటిలో వెతికిన ఒక్క మనిషీ లేకపోవడం. వెతకడం అంటే ఏమిటో ఆమెకి ఇప్పుడు తెలుసు. ఈ పిల్లని కూడా అలా వెతుక్కోవాలా? ఉన్న పిల్లని, ఉన్నచోటే?

ఆమె చీర కుచ్చెళ్ళు దులుపుకుని లేచింది. "బూట్లు తొడుక్కుని రా," అని మాత్రం అంది.

ముందుగదిలో భూలక్ష్మి అప్పటికే సవరానికి సగం దాకా మొగ్గలు కుట్టేసింది. గదంతా పచ్చి మల్లెల వాసన. జ్యోతిర్మయి గుమ్మం దగ్గరే నిలబడింది. తరగతి గదిలో నిలబడ్డట్టే, చేతులు ముందుకి కట్టుకుని.

"భూలక్ష్మిగారూ, కుట్టడం ఆపండి. మొక్కు లేదండి. నేను అబద్ధం చెప్పేను. అత్తయ్యగారూ, మీక్కూడా. నిఖిత ఇష్టపడి చేయించుకుంది. ఫొటో అలాగే తీస్తాను."

భూలక్ష్మి సూది గాల్లో పట్టుకుని చూసింది. దుర్గాంబగారివైపు చూసింది. చివరికి నెమ్మదిగా సూది చీరకొంగుకి గుచ్చుకుంది.

"ఆయ్. అలాగేనండి. ఈ మొగ్గలు వాడపల్లి పట్టుకెళ్ళి ఇచ్చేస్తానండి. పాపం, ఆ స్వామి పేరు ఊరికే వాడేసుకున్నాం."

ఇప్పుడు దుర్గాంబగారు నవ్వలేదు. చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నారు. కోడలు ఆ మౌనానికే భయపడి ఇంట్లోనూ వాడపల్లి మాట చెప్పింది.

"ఆ తల చూస్తే నాకు మా నాయనమ్మ గుర్తొస్తుందే అమ్మాయ్," అన్నారు ఆవిడ చివరికి. "మా నాన్న పుట్టిన ఏడాదికే తాతయ్య పోయేడు. తలవెంట్రుకలు తీయించేసేరు. అప్పటికి ఆవిడకి ఇరవయ్యేళ్ళు కూడా లేవు. మా అక్క పూలజడ ఫొటోకి కాకినాడ నుంచి కెమేరా ఆయన వస్తే, ఎదురు పడకూడదని ఆవిణ్ణి దొడ్లో కొట్టంలో కూర్చోబెట్టేరు. సొంత మనవరాలి ఫొటో. నేను చెంబుతో మంచినీళ్ళు పట్టుకెళ్ళేను. బయట నవ్వులు వినిపిస్తుంటే, 'జడ కుదిరిందా?' అని అడిగింది నన్ను."

ఆవిడ ఆగేరు. నిఖిత బూట్లతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆవిడ మొహం ఇప్పుడు ఎంత తలుచుకున్నా నాకు రాదు. ఒక్క ఫొటో లేదు." దుర్గాంబగారు మనవరాలివైపు తిరిగేరు. "నీ వేషం నాకు నచ్చిందని చెప్పను. నచ్చలేదు. కాని నువ్వు దొడ్లో కూచోవలసిన పని లేదు. అద్దం ఇటు వెలుగులోకి జరపండి."

అద్దాన్ని నిఖిత, భూలక్ష్మి కలిసి కిటికీ ఎదురుగా జరిపేరు. దానిమీద దుమ్ము తుడుస్తుంటే, అందులో కాలవ వెలుగు పారింది. గది లోపల ఇంకో గది, అందులో ఇంకో నీరెండ. జ్యోతిర్మయి బీరువాలోంచి భర్త కెమేరా తీసింది. దాని పటకా ఆయన మెడకి రాసుకుని రాసుకుని మెత్తబడింది. అది తన మెడలో వేసుకుంటే, ఎవరో వెనకనుంచి చెయ్యి వేసినట్టయింది. కాసేపు అలాగే నిలబడింది. గదిలో ఎవరూ ఆమెని తొందరపెట్టలేదు.

నిఖిత అద్దానికి వీపు పెట్టి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుంది.

"నవ్వమ్మా," అంది భూలక్ష్మి.

"నవ్వద్దు, నీకెలా ఉంటే అలా ఉండు," అంది జ్యోతిర్మయి.

కెమేరాలోంచి చూసింది. ఇటు నిఖిత మొహం, కాటుక కాస్త చెదిరి, పెదవులు బిగబట్టి, తనని పరీక్షగా చూస్తూ. అద్దంలో నీలం జుట్టు, అలల గీతలు, పుట్టుమచ్చ. ఇద్దరు పిల్లల మధ్య సన్నటి వెలుగు వణుకుతోంది. ఆమె నొక్కింది. మళ్ళీ నొక్కింది. పిల్ల భుజాలు కొద్దికొద్దిగా దిగేయి. పెదవులు వదులయ్యేయి. ఏ క్షణంలోనో నిఖిత అద్దం సంగతి మర్చిపోయి, ఎదురుగా ఉన్న అమ్మని మామూలుగా చూసింది. అప్పుడు నొక్కింది ఇంకోసారి.

సోమవారం ఒంటిపూట బడి అయ్యేక జ్యోతిర్మయి బజార్లో ఫొటో స్టూడియోకి వెళ్ళింది. స్టూడియో నడిపే జీవన్ ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడు. కంప్యూటరు మీద ఫొటో తెరిచి, ఒకసారి ఆమెని చూసి, ఒకసారి ఫొటోని చూసేడు.

"పాపాయేనాండి? అబ్బో." తరవాత గొంతు తగ్గించేడు. "జడ పెట్టేయమంటారాండి? నా దగ్గర మంచి మంచి పూలజడలున్నాయండి. నిమిషం పని. ఎవరికీ తెలీదండి."

"వద్దు జీవన్. ఆ పిల్లకి జడ లేదు. తనకి అలా ఇష్టం."

చెప్పడం అంత కష్టంగా లేదు. ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఆటో వెళ్ళింది. జీవన్ "ఆయ్," అని తల ఊపేడు. ఫొటోని పెద్దది చేసి అద్దంవైపు జరిపేడు. నిఖిత భుజం పక్కనుంచి, వెలుగు అంచున, ముదురాకుపచ్చ చీర కట్టుకున్న మనిషి. మొహం సగం కెమేరా వెనక ఉంది.

"వెనకాల ఇక్కడ ఎవరో పడ్డారండి. దీన్ని తీసేయమంటారా?"

జ్యోతిర్మయి ముందుకి వంగి చూసింది. అద్దం ఎలా ఒరగదీయాలో, ఎక్కడ నిలబడాలో ఆయన ఆమెకెప్పుడూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

"అది నేనే," అంది. "ఉండనీ. ఇద్దర్నీ అలాగే పెద్ద సైజులో తియ్యి. గోడకి పెట్టాలి."

ప్రింటరులోంచి ఫొటో బయటికి వచ్చేదాకా ఆమె అక్కడే నిలబడింది. ముందు నీలం వచ్చింది. తరవాత నెమ్మదిగా, పైనుంచి కిందకి, కూతురు వచ్చింది.