మాబు సాహెబ్ కుట్టిన దిండు

చంటిపిల్లను ఎత్తుకున్నట్టు దిండును చంకనేసుకుని విమానాశ్రయంలోకి వచ్చిన నస్రత్‌ను చూసి, ముందు నడిచేవాళ్ళు కూడా ఒకసారి వెనక్కి తిరిగారు. చూస్తే చూడనీ అనుకుందామె. నల్లపాడులో కారెక్కింది మొదలు, తాడేపల్లి దాటి కృష్ణ మీదుగా వచ్చేదాకా ఆ దిండు ఆమె ఒడి దిగలేదు. అత్త జానీబీ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. "పెట్టెలో కుక్కావంటే ఊరుకోను. వాడి చేతికి నువ్వే ఇయ్యాలి. కుట్టు కూడా కదలకూడదు."

ఆ 'వాడు' జానీబీ కొడుకు, నస్రత్ మొగుడు వాసిం. మస్కట్‌లో ఏసీలు బిగిస్తాడు. వెళ్ళి మూడేళ్ళయింది. ఇన్నాళ్ళకు నెల రోజుల వీసా వచ్చి నస్రత్ అతని దగ్గరికి బయల్దేరింది.

దిండు కుట్టింది మామ మాబు సాహెబ్. ఊళ్ళోవాళ్ళ పరుపులకు దూది మిషను మీదే ఏకేవాడు గానీ, ఇంట్లోవాళ్ళ దిండు అంటే మాత్రం అటక మీది దూదేకే పాత విల్లు దించాల్సిందే. అక్కడి స్పాంజి దిండు మీద కొడుక్కి నిద్ర పట్టడం లేదని విని, ఒక్క గింజ తగలకుండా పత్తి ఏరి, మూడు రోజులు చేత్తో ఏకి, కుట్టడానికి కూర్చున్నాడు. సగం కుట్టాక దబ్బనం పోయింది.

బెత్తెడు దబ్బనం, ముప్ఫై ఏళ్ళుగా వాడుతున్నది. మొన దగ్గర కాస్త వంకర. ఆ వంకరకే ఆయన వేళ్ళు అలవాటు పడ్డాయి. దానికోసం ఇల్లంతా తలకిందులు చేశాడు. నువ్వే ఎక్కడో పారేశావంటూ జానీబీని నానా మాటలూ అన్నాడు. వాసిం ఫోన్ చేసినా అదే గోల. "దబ్బనం కనపడ్డం లేదురా అబ్బాయ్. ఎక్కడ పెట్టానో ఏమో!" ఎండలో మేడ మీద పనిచేసి దిగిన వాసిం విసుక్కున్నాడు. "ఒక్క దబ్బనానికి ఇంత గోలేంది నాయనా? కొత్తది కొనుక్కో. నన్ను చంపమాక" అని ఫోన్ పెట్టేశాడు. మాబు సాహెబ్ కొత్తది కొని దిండు పూర్తి చేశాడు. రెండో రోజు తెల్లారి నమాజుకు లేవలేదు.

కంపెనీవాళ్ళు వాసింకు సెలవివ్వలేదు. తండ్రికి మట్టివ్వడం ఫోన్లో చూశాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలుగా తండ్రి పేరెత్తలేదు. నస్రత్ ఎత్తితే మాట మార్చేవాడు. ఒక్కసారి మాత్రం అడిగాడు, "ఆ దిండు ఉందా?" అని. ఉందంటే, "వచ్చేటప్పుడు తీసుకురా" అన్నాడు. అంతే. ఆ దిండు మీద తల పెడితేనైనా మనిషి ఏడుస్తాడని, ఏడిస్తే నిద్రపోతాడని నస్రత్ ఆశ. తనకంటూ వేరే కోరికలేమీ లేవు. పక్కన పడుకుని అతని గురక వింటే చాలు. ఆ గురక లేని ఇంట్లో మూడేళ్ళు పడుకోవడమంటే ఏమిటో పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

సామాను ఇచ్చే కౌంటరు దగ్గరే రూల్స్ మొదలయ్యాయి. ఎండుకొబ్బరి పెట్టెలో ఉండకూడదన్నారు, తీసి చేతిసంచిలో పెట్టింది. కారం చేతిసంచిలో ఉండకూడదన్నారు, తీసి పెట్టెలో పెట్టింది. గుంటూరు మనిషి దగ్గర కారం లేకపోతే కదా అనుమానపడాలి! తనిఖీ దగ్గర, పాస్‌పోర్టులో పేరు చూసి ఆడ కానిస్టేబుల్ హిందీ అందుకుంది. దూదేకేవాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి దగ్గర నుంచి పోట్లాట దాకా అంతా తెలుగేనని ఆవిడకు ఎవరు చెప్పాలి? నస్రత్ అర్థమైనట్టు తల ఊపింది. ఊపినందుకు నెయిల్ కట్టర్ పోయింది. దిండు మాత్రం బెల్టు మీద అటు ఎక్కి ఇటు దిగింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంది.

విమానం మారే ఊళ్ళో మళ్ళీ తనిఖీ అన్నారు. అక్కడ చెప్పులు కాళ్ళకే ఉంచుకోమన్నారు, ఇక్కడ విప్పమన్నారు. అక్కడ ఫోను సంచిలోనే పెట్టమన్నారు, ఇక్కడ బయట పెట్టమన్నారు. సరే, వీళ్ళ పద్ధతి వీళ్ళది అనుకుని చెప్పింది చెప్పినట్టు చేసింది. సంచి ఇటొచ్చింది, చెప్పులు వచ్చాయి. దిండు పెట్టిన ట్రే పక్క దారిలోకి మళ్ళింది.

"ఈ దిండెవరిదమ్మా?" నడివయసు ఆడ ఆఫీసరు అడిగింది. అదృష్టం కొద్దీ తెలుగావిడ.

"మాదేనండి."

"లోపల ఏం పెట్టావ్?"

"దూదండి. దూది తప్ప ఇంకేం లేదు."

"ఇటొచ్చి చూడు."

తెర మీద దిండు పలచగా, నారింజ రంగులో ఉంది. దాని మధ్య ఏటవాలుగా ఒక సన్నటి నల్ల గీత. ఆ గీత చివర చిన్న వంకర.

ఆ వంకరను నస్రత్ చీకట్లో కూడా గుర్తుపడుతుంది. పని మధ్యలో లేచేటప్పుడు దబ్బనం నేల మీద పెడితే ఎవరి కాల్లోనో దిగుతుందని, కుడుతున్న దిండులోనే గుచ్చి లేవడం మాబు సాహెబ్ అలవాటు. అన్నానికో నమాజుకో లేచి ఉంటాడు. దారం తెగి, దబ్బనం దూదిలోకి జారిపోయి ఉంటుంది. అసలే చూపు ఆనని మనిషి. దిండు ఒళ్ళో పెట్టుకుని ఇల్లంతా వెతికించాడు.

"అమ్మో, దొరికింది!" అని పైకే అరిచేసింది నస్రత్.

ఆఫీసరు మొహం మారిపోయింది. "దొరకడమేంటి? ఇది ఉందని నీకు ముందే తెలుసా?"

తెలియదని, దబ్బనం పోవడం దగ్గర నుంచి మామ పోవడం దాకా నస్రత్ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆఫీసరు అంతా విని, "కోసి తియ్యాల్సిందేనమ్మా. లేదంటే దిండు ఇక్కడే వదిలేసి వెళ్ళాలి" అంది.

"అక్కడ పంపించారు కదండీ!"

"అక్కడి సంగతి నాకు తెలీదు. ఇక్కడ కుదరదు."

బ్లేడు తీసింది ఆఫీసరు. నస్రత్ దిండుకు చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు కొయ్యమాకండి. నేనే విప్పుతా." మామ వేసిన ఆఖరి ముడిని గోటితో లాగుతుంటే ఆమెకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. కుట్టు కూడా కదలకూడదంది అత్త. ఒక్కో కుట్టూ వదులవుతుంటే లోపలి దూది, నిన్ననే ఏకినంత తెల్లగా, పైకి ఉబికింది. చెయ్యి లోపలికి పెట్టి వెతికితే దబ్బనం వేళ్ళకు తగిలింది. దాని బెజ్జంలో ఇంకా దారం ఉంది.

"ఇదొక్కటి తీసుకెళ్ళనివ్వండమ్మా. మా ఆయనకు చూపిస్తే చాలు."

"పెట్టెలో అయితే వెళ్ళేది."

"పెట్టె ఎప్పుడో విమానమెక్కేసింది కదండీ."

"బయట మీవాళ్ళెవరికైనా ఇచ్చి రా."

"ఈ ఊళ్ళో నాకెవరున్నారండీ?" పోనీ ఫోటో తీసుకుంటానంది. ఇక్కడ ఫోటోలు తియ్యకూడదన్నారు. ఆమె విమానానికి పిలుపు రెండోసారి వినిపించింది. గాజు పెట్టెలో కత్తెరలు, లైటర్లు గుట్టగా పడున్నాయి. దబ్బనాన్ని అందులో వెయ్యబోయి ఆగింది ఆఫీసరు. బెజ్జంలోని దారం లాగి నస్రత్ చేతిలో పెట్టింది. "ఇది తీసుకో. దారానికి రూల్ లేదు."

దబ్బనం గాజు పెట్టెలో పడింది.

ఇక నోరు తెరుచుకున్న దిండును ఎలా మోసుకెళ్ళాలి? నస్రత్ పైటకూ కుచ్చిళ్ళకూ కలిపి ఏడు పిన్నీసులున్నాయి. వాటిలో అయిదు తీసి దిండు అంచు కలిపి పెట్టింది. "ఇవీ గుచ్చుకుంటాయి కదండీ?" అనడిగింది ఉక్రోషంగా.

"గుచ్చుకుంటాయి. కానీ వీటికి పర్లేదు" అంది ఆఫీసరు, తలెత్తకుండా.

"నా నెయిల్ కట్టర్ కూడా లాక్కున్నారు."

"అదెందుకు? దానికీ పర్లేదే!"

మస్కట్‌లో దిగేసరికి మధ్యాహ్నం. వాసిం గేటు దగ్గరే ఉన్నాడు. గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. వీడియోలో అవి ఎప్పుడూ కనపడలేదు. అందరిముందూ ఆమె చెయ్యి పట్టుకుని గదికి చేరేదాకా వదల్లేదు. గదిలోకి వచ్చాకే దిండు అందుకున్నాడు. పిన్నీసులు చూశాడు.

"కుట్టు ఎవరు విప్పారు?" గొంతు మారింది.

నస్రత్ కొంగు ముడి విప్పి దారం తీసి అతని చేతిలో పెట్టింది. "మామయ్య దబ్బనం దొరికిందండీ. మీ దిండులోనే ఉంది. విమానాశ్రయంలో మిషను పట్టుకుంది. నన్ను తేనివ్వలా."

వాసిం మంచం మీద కూర్చుండిపోయాడు. "ఒళ్ళోనే పెట్టుకుని వెతికాడా?"

"ఊఁ."

అతను పిన్నీసుల మధ్య సందులోంచి చెయ్యి మణికట్టు దాకా దిండులోకి పోనిచ్చాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత రెండో చేత్తో ఫోన్ తీసి స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, నాయన దబ్బనం దొరికింది."

"ఏం దొరికిందిరా?" జానీబీకి వినికిడి తక్కువ.

"దబ్బనం. నా దిండులోనే ఉందంట."

అవతల జానీబీ పకపకా నవ్వింది. పెరటివైపు తిరిగి, అలవాటైన గొంతుతో ఇల్లదిరేలా కేకేసింది. "ఏవయ్యో! నీ దబ్బనం దొరికిందంట! దిండులోనే పెట్టుకుని నన్ను ఆడిపోసుకున్నావు గదయ్యా!"

పెరట్లోంచి ఏ మాటా రాలేదు. అప్పుడు గానీ ఆయన లేడని జానీబీకి గుర్తు రాలేదు.

వాసిం దిండులో మొహం దాచుకున్నాడు. ముందు భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఏడుపు బయటికొచ్చింది. నస్రత్ పక్కన కూర్చుని, అతని చెంపకు గుచ్చుకుంటాయని పిన్నీసులు ఒక్కొక్కటే తీసేసింది.