మోకు రెండో కొస

మొగడు తాటిచెట్టు ఎక్కిండంటే చిన్నవ్వ తల పైకెత్తదు. లగ్గమైన కొత్తల ఒక్కసారి చూసింది, గుండె గుభేలుమన్నది. అప్పటిసంది రాజమల్లు చెట్టు మీదున్నంతసేపు ఆమె పొలం ఒడ్డు మీద కూసోని వరి మొదళ్లనే చూసుకుంట ఉంటది.

గట్ల చూస్తుంటెనే దొరికినయ్ దొంగలు. నువ్వులు చల్లినట్టు మొదళ్ల నిండ దోమ! మూతులు గుచ్చి వరి రసం పీలుస్తున్నయ్.

చెట్టు దిగినంక చూపిస్తె రాజమల్లు నవ్విండు. అవి గూడ మన తీరుగ కల్లు గీత పనోళ్లేనంట, రసం మీద బతికెటియేనంట. చిన్నవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కినోడివి నువ్వన్న దిగుతవ్, గివి వరి ఎండెదాక దిగయని దులిపి పెట్టింది.

వారం తిరగకముందే ఆయన నవ్వు పోయింది. మడి నడుమ మంచమంత జాగ గుండ్రంగ ఎండిందని చెట్టు మీదికెంచి తనే చూసి చెప్పిండు. ఏడాది తిండి గా మడే. మందు కొడుదామంటే తాటిచెట్లన్ని ఒడ్డు మీదనే ఉండె. గాలికి మందు చెట్లకు కట్టిన లొట్లల్ల పడితే కల్లు తాగేటోళ్ల గతేంగాను? ఆ పూట చిన్నవ్వకు బువ్వ సయించలే.

తెల్లారి రాజమల్లు మడిల నీళ్లు తీసేసిండు. మొదళ్లకు గాలి, ఎండ తగిలితె దోమ నిలువదు, వరిని పాయలు తీసి బాటలు చేద్దామన్నడు. రెండు బాటల నడుమ ఎడం తప్పొద్దని, చెట్టెక్కే మోకు ఇప్పి ఒక కొస ఆమె దిక్కు చాపిండు.

చిన్నవ్వ వెనుకకు జరిగింది. గా మోకును ఇంట్ల ఎవ్వరు దాటరు, ముట్టరు. దసరాకు బొట్టు పెట్టి మొక్కుడే.

"పట్టుకోవే. చెట్టు మీద దీన్ని నమ్ముకున్న, చెట్టు కింద నిన్ను నమ్ముకున్న. మీరిద్దరు ముట్టుకుంటె తప్పేంది?"

పట్టుకుంది. ఆయనదో సాలు, ఆమెదో సాలు, నడుమ బిగువుగ మోకు. కాళ్లతోని వరిని అటిటు పాపుకుంట పొద్దుగూకెదాక నడిచిండ్రు. బురదల జారినప్పుడల్ల చిన్నవ్వ బరువంత మోకు మీదనే పడ్డది. ఒక్క పోగు గూడ తెగలే.

ఇంకో వారం పోయినంక రాజమల్లు చెట్టు మీదికెంచి కేకేసిండు. ఎండిన జాగ ఇంకా మంచమంతనే ఉన్నదట, జానెడు గూడ పెరగలేదట. మడి దక్కింది. చిన్నవ్వకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

"సూసింది సాలు, పైలంగ దిగు" అన్నది.

ఈసారి తల వంచుకోలే. ఆయన దిగెదాక పైకే చూసుకుంట నిలబడ్డది.