నిండని వారం

అంకె ఇంకా వణుకుతోంది. నలభై దాకా వెళ్ళి మళ్ళీ ముప్పై తొమ్మిదిన్నరకి దిగింది. ఆమె బండి పిడి వదిలేసి, నీలం కోటు అంచు కూడా కాటాకి తగలకుండా వెనక్కి పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. అంకె నిలిచాక పచ్చ మీట నొక్కింది. కాటా ఒక్క కూత కూసింది. బరువూ, టైమూ కంప్యూటర్లోకి వెళ్ళిపోయాయి. అయినా ఆమె కోటు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, ముప్పై తొమ్మిదిన్నర అని పెన్సిలుతో రాసుకుంది. అప్పుడుగానీ తర్వాతి బండిని ముట్టుకోలేదు.

ఆసుపత్రి కింద, నేలమాళిగలో ఉంటుంది లాండ్రీ. వార్డుల్లో విప్పిన దుప్పట్లు, గలీబులు, ఆపరేషను గౌన్లు మూటలుగా వాలుదారి మీంచి దిగుతాయి. ముందు ఆమె కాటా, తర్వాత ఆరు డ్రమ్ముల మిషన్లు, ఆ చివర ఆవిరి ఇస్త్రీ. తడినూలు వాసనా, మందునీళ్ళ ఘాటూ, కాలిన గుడ్డ వాసనా కలిసి ఇంటికెళ్ళినా జుట్టులోంచి పోవు. పదకొండు మంది పనిచేస్తారక్కడ. వాళ్ళందరికీ ఆమె కంగారక్క.

పేరుకి తగ్గ మనిషే. పొయ్యి కట్టేశానో లేదోనని సగం దారిలోంచి ఇంటికి పరిగెత్తిన రోజులు లెక్కలేనన్ని. మూటల్లో కత్తెర ఉండిపోయిందేమోనని ప్రతిదీ తడిమి చూస్తుంది. ఇన్నేళ్ళలో రెండుసార్లు నిజంగానే కత్తెర దొరికింది, ఒకసారి ఎవరిదో పళ్ళసెట్టు. ఆ మూడూ చాలు ఆమె కంగారుకి జీవితాంతం మేత. నోటుపుస్తకమూ అందుకే. ఎప్పుడో ఎవరో వచ్చి, ఫలానా రోజు బట్టలేమయ్యాయమ్మా అని నిలదీస్తే? చదివింది ఏడో తరగతే అయినా కూడికల్లో తప్పు పోనివ్వదు. సాయంత్రం ఆ రోజు మొత్తం వేసి, కింద రెండు గీతలు గీసిగానీ ఇంటికి వెళ్ళదు.

ఆ మంగళవారం పది గంటలకి, మిషన్ల దగ్గర పనిచేసే డ్రమ్ము తమ్ముడు తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు.

“అక్కా, కంగారుపడనంటే ఒక మాట చెప్తా.”

“అంటే కంగారుపడే మాటేగా! ఏమైంది? మా పిల్ల ఫోన్ చేసిందా?”

“మీ పిల్ల నిక్షేపంగా ఉంది. మనకే మూడింది. పద, బోర్డు చూద్దువుగాని.”

నోటీసు బోర్డు మీద కొత్త కాగితం. ‘లాండ్రీకి వచ్చిన బట్టల బరువు, వారాలవారీగా’ అని పైన రాసుంది. ఇన్నాళ్ళూ అలాంటివేవీ పెట్టలేదు. ఎనిమిది చుక్కలు, వాటిని కలుపుతూ ఒక నీలం గీత. మొదటి చుక్క కాస్త కిందుగా ఉంది. తర్వాత గీత పైకి లేచి, ఆరు చుక్కలు ఇంచుమించు ఒకే ఎత్తున నడిచి, ఆఖరి చుక్క దగ్గర నేలకంటా పడిపోయింది. పక్కన ఇంకో చీటీ: లాండ్రీని ఇక్కడే ఉంచాలా, పని బయటి కంపెనీకి ఇచ్చెయ్యాలా అన్నది మధ్యాహ్నం రెండింటికి సూపరింటెండెంటుగారి మీటింగులో తేలుస్తారు.

“చూశావా, మేడ మీంచి దూకినట్టు ఎలా పడిందో! బట్టలే రానప్పుడు మనల్నెందుకు ఉంచుకుంటారు?” అన్నాడు డ్రమ్ము తమ్ముడు. “కంపెనీ లారీ వస్తుందట. మనల్ని కూడా మూట కట్టి అందులోనే ఎక్కిస్తారేమో. నన్ను తూస్తే నీ కాటా విరుగుతుందక్కా.”

ఆమె నవ్వలేదు. చెయ్యి దానంతటదే మెళ్ళో వేలాడుతున్న ఆసుపత్రి గుర్తింపు కార్డు మీదికి పోయింది.

ఆ కార్డు కోసమే ఆమె ఇక్కడికి వచ్చింది. ఇరవై మూడేళ్ళ కింద ఏడో నెలలో పుట్టింది పిల్ల. కిలో నూటయాభై గ్రాములు. మూడో అంతస్తులో అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లయినా సరే, సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకే లోపలికి రానిచ్చేవాళ్ళు. మిగతా పొద్దంతా గేటు దగ్గర నిలబడేది, పై కిటికీల్లో పిల్ల ఉన్నది ఏదోనని లెక్కపెట్టుకుంటూ. పిల్ల తండ్రి లారీ డ్రైవరు, నెలకి పదిరోజులు కూడా ఇంట ఉండడు. నాలుగో రోజున, టీ తాగడానికి బయటికొచ్చిన ఇస్త్రీ ఆయన ఆమె ముందు ఆగాడు.

“మూటలు మొయ్యగలవా అమ్మాయ్? మూట మోసేవాళ్ళని ఈ గేటు దగ్గర ఎవరూ ఆపరు.”

మర్నాటి నుంచి రోజుకి మూడుసార్లు మూడో అంతస్తుకి వెళ్ళింది. మాసిన దుప్పట్లు ఎత్తుకుంటూ, అద్దంలోంచి ఆ చిన్న రొమ్ము లేస్తోందో లేదో చూసుకుని దిగేది. డెబ్బై ఒక్క రోజులకి పిల్ల ఇంటికొచ్చింది. ఆమె మాత్రం ఇక్కడే ఉండిపోయింది. పిల్ల ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తోంది, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగుతుంది. అయితే మాత్రం? ఏ వేళకానివేళో ఏదైనా అయితే? గేటు దగ్గర ఎవడో చెయ్యి అడ్డం పెడితే? ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

మెట్ల కిందికి వెళ్ళి కూతురికి ఫోన్ చేసింది.

“అమ్మా, కస్టమర్లున్నారు. త్వరగా చెప్పు.”

“తిన్నావా?”

“అది అడగడానికేనా? గొంతేంటి అలా ఉంది?”

“మా లాండ్రీ తీసేస్తారటే.”

“తీస్తే తియ్యనీ. హాయిగా ఇంట్లో కూర్చో. మోసింది చాల్లేదా?”

“నీకేం తెలుసే!” అని పెట్టేసింది. పెట్టేశాక, కసిరినందుకు పిల్ల దిగులుపడి రోడ్డు చూసుకోకుండా దాటుతుందేమోనని ఇంకో భయం పట్టుకుంది.

ఆనాడు గేటు దగ్గర ఆగిన ఇస్త్రీ మావయ్య ఆవిరిలో నిలబడి దుప్పటి లాగుతున్నాడు. మోకాళ్ళు అరిగిపోయాయి ఆయనకి. రెండేళ్ళుగా మానేస్తా మానేస్తా అంటూనే ఉన్నాడు.

“నీకేం మావయ్యా, ఎలాగూ వెళ్ళిపోతానంటున్నావుగా,” అంది ఆమె.

“వెళ్ళడం వేరు, వెళ్ళగొట్టించుకోవడం వేరు అమ్మాయ్.” దుప్పటి రెండో కొస ఆమె చేతికిచ్చాడు. “అది సరేగాని, బట్టలు తగ్గాయంటున్నారు కదా, నీ భుజాలేమంటున్నాయి? తేలిగ్గా ఉందా?”

“ఎక్కడి తేలిక! నిన్న ఒక్కరోజే ఆరువందల ముప్పై ఎనిమిది కిలోలు...”

ఆమె ఆగిపోయింది. దుప్పటి కొస వదిలేసి గబగబా బోర్డు దగ్గరికి నడిచింది. ఆఖరి చుక్క పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది అంకె. ఆరువందల ముప్పై ఎనిమిది. నోటుపుస్తకం తీసింది. సోమవారం. రెండు గీతల పైన, తన చేత్తో వేసిన మొత్తం. అదే.

రెండో అంతస్తులో రికార్డుల గది. వాకిట్లో మూడుసార్లు చెప్పులు విప్పి మళ్ళీ వేసుకుంది. తనదే తప్పయితే? పెద్ద చదువులవాళ్ళని తప్పుపట్టినందుకు ఉన్నది కూడా ఊడితే? లోపల, బోర్డు మీది గీత తయారుచేసిన లెక్కల మేడమ్ పెన్ను మూత నములుతూ కంప్యూటర్లోకి చూస్తోంది. గోడగడియారం పదకొండున్నర.

“మేడమ్, తప్పయితే తిట్టండి. ఈ ఆఖరి చుక్క వారానిది కాదండీ. నా సోమవారం.”

“మీ సోమవారం ఏంటమ్మా?”

ఆమె నోటుపుస్తకం బల్ల మీద పెట్టి, వేలుతో చూపించింది. లెక్కల మేడమ్ ఓపిగ్గానే చెప్పబోయింది. “మీరు మీట నొక్కినప్పుడల్లా నాకొక వరస వస్తుంది. ఏడువందల పైచిలుకు వరసలున్నాయి. అన్ని వరసలు పెద్దవాళ్ళు చూడరు కదా. అందుకని సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారంగా కట్టి, ఆ వారంలో పడ్డ బరువులన్నీ కూడమని ప్రోగ్రాం రాశాను. నిన్నటి దాకా ఉన్నదంతా...”

పెన్ను మూత బల్ల మీద పడింది.

“అయ్యో. ఈ వారం నిన్ననేగా మొదలైంది! ఒక్కరోజే ఉంది ఇందులో.”

“మరి మిషను చూసుకోదాండీ?”

“కూడమన్నాను, కూడింది. ఎన్ని రోజులున్నాయో చూడమని నేను చెప్పలేదు.”

ఆమెకి మూడో అంతస్తు గోడ గుర్తొచ్చింది. పసివాళ్ళ బరువుల పటం ఉండేదక్కడ. తొమ్మిది నెలలూ మోసి కన్న పిల్లల గీతలన్నీ పైన వరసగా, అన్నిటికీ కింద తన పిల్లది ఒక్క చుక్క. అది చూసి తలాడించని నర్సు లేదు.

“మా పిల్లని కూడా ఇలాగే చూశారు మేడమ్,” అంది మెల్లగా. ఆ మాట లెక్కల మేడమ్‌కి అర్థం కాలేదు. కానీ కుర్చీ ఒకటి ఇటు జరిపింది.

కూర్చోగానే ఇంకో అనుమానం. “మరి ఈ మొదటి చుక్క కూడా కిందికే ఉందేమండీ?”

లెక్కల మేడమ్ వెతికింది. కంప్యూటర్‌కి కలిపిన ఈ కొత్త కాటా పెట్టింది ఆ వారం గురువారం నాడు. అందులోనూ నాలుగే రోజులు. ఈసారి ఆవిడ తనలో తనే నవ్వుకుంది. ఒక్కో వారానికి ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టి, ఏడూ ఉన్నవే ఉంచమని ఒక వాక్యం చేర్చి నొక్కింది. రెండు కొసలూ రాలిపోయాయి. మిగిలిన ఆరు చుక్కల మీదుగా గీత, పరిచిన దుప్పటిలా చదునుగా ఉంది.

“ఆ సోమవారాన్ని పారేశారా?” ఆమె కుర్చీలోంచి సగం లేచింది.

“పారెయ్యలేదక్కా. ఏడు రోజులూ నిండనివ్వండి, తనంతట తనే వచ్చి వరసలో నిలబడుతుంది.”

“ఇంకోసారి నొక్కండి మేడమ్. మళ్ళీ పడిపోతుందేమో చూద్దాం.”

లెక్కల మేడమ్ నొక్కింది. పడలేదు. అడక్కుండానే మూడోసారీ నొక్కి చూపించింది. నోటుపుస్తకంలో సోమవారం పేజీని ఫోనులో ఫోటో తీసుకుంది.

రెండయింది. రెండున్నరయింది. లాండ్రీలో మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. కంగారక్క ఒకే మూటని రెండుసార్లు తూచింది, రెండోసారి మీట నొక్కబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. మూడూ పదికి ఫోన్ మోగింది. డ్రమ్ము తమ్ముడు తీశాడు. విన్నాడు. రిసీవర్ పెట్టేసి, ఖాళీ డ్రమ్ము తలుపు మీద రెండు చేతులతో దరువేశాడు.

“ఉంచారు! మనల్ని ఇక్కడే ఉంచారు! తగ్గిందేమీ లేదని మేడమే గట్టిగా చెప్పిందట. మన కంగారక్క పుస్తకంలో పేజీ చూపించి మరీ చెప్పిందట!”

ఎవరో ఈల వేశారు. కంగారక్క ఇస్త్రీ అయిన దుప్పట్ల దొంతర మీద కూర్చుండిపోయింది. వెచ్చగా ఉంది. గుండెల మీది కుంపటి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది. ఆకలి వేసింది. పొద్దుట్నించీ ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

మళ్ళీ ఫోన్ చేసింది.

“ఇప్పుడేమైందమ్మా?”

“ఏం కాలేదే.”

“ఏం కాలేదని చెప్పడానికి ఫోన్ చేశావా?”

“ఊ.”

పిల్ల పకపకా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, గోడ వైపు తిరిగి.

అయిదింటికి ఆనాటి మొత్తం వేసి, రెండు గీతలు గీసింది. తలెత్తేసరికి ఆవిరి చప్పుడు లేదు. మావయ్య ఇస్త్రీ మిషను కట్టేసి, దాని ఇనప మొహం పొడిగుడ్డతో తుడుస్తున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. తల దువ్వుకున్నాడు.

“రేపట్నించి డ్రమ్ము తమ్ముణ్ణి దీని దగ్గర నిలబెట్టు అమ్మాయ్. ఎడమ పక్క పిడి కాలుతుంది, జాగ్రత్త అని చెప్పు. మానేస్తున్నానని ఆఫీసులో కాగితం ఇచ్చేశాను.”

“ఇవాళేనా మావయ్యా? ముందొక మాట చెప్పకూడదూ?”

“చెప్తే రాత్రంతా నిద్రపోవు నువ్వు.” ఆయన నవ్వాడు. “లాండ్రీ ఉంది, నా ఇష్టానికి నేను వెళ్తున్నాను. ఇంతకంటే ఏం కావాలి?”

ఆమె తోడొస్తానంది. వద్దన్నాడు. ఒక చెయ్యి గోడకి ఆనించుకుంటూ వాలుదారి ఎక్కాడు. మలుపు దగ్గర వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపాడు. మోకాలు జారుతుందేమో, పడతాడేమో అనుకుంటూ ఆమె చూస్తూ నిలబడింది. జారలేదు. పడలేదు. ఆయన పైకి చేరుకున్నాడు, తలుపు మూసుకుంది. ఆమె ఇంకా కాసేపు ఆగింది, ఎప్పుడూ వచ్చే ఆ దడ వస్తుందేమోనని. రాలేదు.

దీపం ఆర్పబోతూ చూసింది. ఇస్త్రీ బల్ల మూలన, ఆవిరి తగలకుండా ఆయన మణికట్టుకి చుట్టుకునే గుడ్డపట్టీ ఉంది. ముడి విప్పకుండానే తీసినట్టున్నాడు, చెయ్యి పట్టేంత గుండ్రంగా ఇంకా అలాగే నిలబడి ఉంది.