గీత ఒకటి, అంకె ఒకటి

ఆ ఇంట్లో కింద ఆఫీసు, పైన కాపురం. కింద జరిగిన తప్పులకు పైన భోజనాల దగ్గర సంజాయిషీ చెప్పుకోవాలి, పైన జరిగిన అలకలకు కింద పని ఆగిపోవాలి. భవనాల ప్లాన్లు గీసే ఆ ఆఫీసును మామగారు పెట్టారు. ఇప్పుడు నడిపేది పెద్దకొడుకు. పని చేసేది చిన్నకోడలు. చిన్నకొడుకు బతకనేర్చినవాడు కనుక ఆఫీసు ఛాయలకు రాకుండా బడిలో రసాయనశాస్త్రం చెప్పుకుంటున్నాడు.

పెద్దకొడుకుకు, అంటే చిన్నకోడలి బావగారికి, ఎక్కడో సభలో ఎవరో బిమ్ అన్న మాట చెవిలో వేశారు. వట్టి గీతలు గీయడం కాదు, కంప్యూటర్లో భవనాన్నే కట్టడం అది. గోడకు మందం, తలుపుకు ఎత్తు, అంతస్తుకు మట్టం అన్నీ అందులో ఉంటాయి. ఆయనకు అంతవరకే అర్థమైంది, అంతవరకే చాలనుకున్నారు. మర్నాటికల్లా వీధి బోర్డు మీద ఆ మాట ఎక్కింది. నేర్చుకునే పని మాత్రం చిన్నకోడలికి అప్పజెప్పారు.

మొదటి పని కంటి ఆసుపత్రిది. పాత భవనం మొదటి అంతస్తు నుంచి కొత్త భవనానికి ఇనుప వంతెన వేయాలి. ఆమె తయారుచేసే మోడల్ చూసి ఫ్యాక్టరీలో ఇనుము కోస్తారు.

"పాత భవనం నాన్న గీసిందే. కంప్యూటర్లో గీసిన క్యాడ్ డ్రాయింగ్ ఉంది. దాన్ని అందులోకి దించెయ్. ఒక్క బటనే కదా!" అన్నారు బావగారు. బటన్ నొక్కనివాళ్ళకు అన్నీ ఒక్క బటనే. "వంతెన సరిగ్గా కూర్చుంటే షీటు మీద నీ పేరు వేయిస్తా."

"కూర్చోకపోతే?"

"అప్పుడు ఎలాగూ నీ పేరే చెప్తా."

పేరు అన్న మాట ఆమెకు గట్టిగా తగిలింది. ఆ ఇంట కాలుపెట్టినప్పటి నుంచి గీసిన ప్రతి షీటు మీదా మామగారి పేరో బావగారి పేరో ఉంది. ఆమెకు ఆ పేరు కావాలి. దాచుకోవడానికేమీ లేదు, ఆశపడింది.

డ్రాయింగ్ దించింది. తెర ఖాళీ. వెతగ్గా వెతగ్గా ఆసుపత్రి ఎక్కడో కోసుల దూరంలో ఆవగింజంత కనిపించింది. మామగారు తన జీవితంలో గీసిన భవనాలన్నీ ఒకే ఫైల్లో పక్కపక్కన గీసుకుంటూ పోయారు. బడి, గోదాము, సినిమా హాలు, ఆ వరసన అత్తగారి వంటింటి అల్మరా కూడా ఉంది. ఆసుపత్రి ఒక్కదాన్నే ఏరి తెచ్చి, మిల్లీమీటర్లను అడుగులనుకున్న కంప్యూటర్‌కు బుద్ధి చెప్పి, భవనాన్ని భవనమంత చేసేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. వంతెన తగలాల్సిన వసారా వెడల్పు దగ్గర రెండున్నర మీటర్లని అంకె ఉంది. గీతను కొలిస్తే రెండుంబావే. పక్కగది చూసింది. అక్కడా అంతే. మెట్లు చూసింది. మెట్ల సంగతి చెప్పుకోకపోవడమే మేలు.

ఇది ఆ ఆఫీసు ఆనవాయితీ. కొలత మారినప్పుడు గీతను జరిపితే దానితోపాటు ఇంకో పది గీతలు జరపాలి. అదే అంకె చెరిపి కొత్తది రాస్తే సరి, కాగితం మీద అందరూ అంకెనే చదువుతారు. అందరూ అలాగే చేశారు, తొలిరోజుల్లో చిన్నకోడలూ చేసింది. కానీ బిమ్‌కు ఈ మర్యాదలు తెలియవు. అది అంకె చదవదు, గీతనే నమ్ముతుంది.

"బావగారూ, గీత ఒకటి చెప్తోంది, అంకె ఒకటి చెప్తోంది. వెళ్ళి కొలిచొస్తాను."

బావగారు తలుపు వేశారు. "కొలుస్తావా? నాన్న గీసిన భవనాన్నా? ఆ మాట ఆయన చెవిన పడితే గుండె ఆగిపోతుంది. ఆయన గీత వేదమని బయట నేను చెప్పుకుంటుంటే, నువ్వు టేపు పట్టుకుని ఆసుపత్రి చుట్టూ తిరుగుతావా? పరువు పోదూ?"

"వంతెన గాల్లో వేలాడితే పోదా?"

ఆయన కాఫీ తెమ్మని కేకేశారు.

సెలవునాడు పొద్దున్నే ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. టేపు ఒక కొస ఆయన పట్టుకున్నాడు. కళ్ళకు కట్లు కట్టుకుని బెంచీల మీద కూర్చున్నవాళ్ళు వాళ్ళను చూడలేదు. చూసినవాళ్ళు మున్సిపాలిటీ వాళ్ళనుకుని భయపడ్డారు. తీరా కొలిస్తే వసారా గీత చెప్పినంతా లేదు, అంకె చెప్పినంతా లేదు. నేల మట్టం జానెడు ఎత్తున ఉంది. కట్టినవాళ్ళు రెంటినీ పక్కనపెట్టి తమకు తోచినట్టు కట్టేశారు.

"మా నాన్నకు చెప్తావా?" అన్నాడు ఆయన టేపు చుడుతూ.

"మీరు చెప్పండి."

"నాకు బడికి టైమైంది," అన్నాడు సెలవునాడు.

ఉన్నది ఉన్నట్టు మోడల్ చేసింది. వంతెన వచ్చింది, క్రేన్ ఎత్తింది, వచ్చి మూత పెట్టినట్టు కూర్చుంది. ప్రారంభోత్సవం నాడు ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ అందరి ముందూ మెచ్చుకుంది. బావగారు మైకు అందుకున్నారు.

"ఇదంతా మా నాన్నగారి గీత మహిమ. ఎక్కడా కొలవలేదు, ఏదీ మార్చలేదు. పాత డ్రాయింగ్ ఎలా ఉందో అలా దించాం, అంతే!"

చిన్నకోడలు గోడకు అంటించిన షీటు చూసింది. గీసినది, మామగారు. బాధ్యుడు, బావగారు. అడుగున చిన్న అక్షరాల్లో, సహకారం, సిబ్బంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు గానీ, తన పేరు ఉండాల్సిన చోట సిబ్బంది అన్న మాట చదువుకుంటే ఒళ్ళు మండిపోయింది.

డాక్టరమ్మ సంబరంగా లేచింది. "అయితే మరీ మంచిది! మా మిగతా భవనాలూ మీ నాన్నగారు గీసినవే. వాటినీ కొలవకుండా నేరుగా దించేయండి. వచ్చే నెలకే వాటికీ వంతెనలు వేయడానికి గోడలు పగలగొట్టడం మొదలుపెడదాం. రోగుల్ని వేరేచోటికి మార్చనవసరం లేదుగా?"

బావగారి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. సభ చూస్తుండగా తల ఊపారు.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర గొంతు తగ్గించి అన్నారు, "అమ్మాయ్, మొన్నటిలాగే మీరిద్దరూ గుట్టుగా వెళ్ళి..."

ఆమె గొంతు తగ్గించలేదు. "వెళ్ళను బావగారూ. ఏ గోడ ఎక్కడుందో తెలియకుండా పగలగొడితే కింద మంచం మీద మనిషి ఉంటాడు. ముందు మొన్న కొలిచామని డాక్టరమ్మకు చెప్పండి. గుట్టుగా అంటే ఒక్క గీత కూడా దించను."

"నాన్న ముందు ఏమిటా మాటలు!"

మామగారు ముద్ద ఆపి తలెత్తారు. "కొలిచారా? ఎంత తేడా వచ్చింది?"

అత్తగారు మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

"వసారా మీ గీత కంటే జానెడు తక్కువ. నేల మట్టం జానెడు ఎక్కువ," అంది కోడలు.

"అంతేనా?" మామగారి మొహం విప్పారింది. "నేనింకా మూరెడు ఉంటుందనుకున్నా! డబ్బులు సరిపోక వాళ్ళు ఆ భవనం రెండుసార్లు మార్చారమ్మా. చివరికి ఏం కట్టారో నేను వెళ్ళి చూడనే లేదు. కొలవకుండా ఎవడైనా ముట్టుకుంటాడా దాన్ని?" పెద్దకొడుకు వైపు తిరిగారు. "మైకులో అదేం కూత రా? ఇప్పుడే ఫోన్ చెయ్."

బావగారు చెయ్యి కడుక్కుని ఫోన్ చేశారు. అటు డాక్టరమ్మ గొంతు వినబడగానే లేచి నిలబడ్డారు. రెండు నమస్కారాలు పెట్టారు. పొగడ్తకు మైకు వదలని మనిషి, "ఒక చిన్న విషయమండీ, మా మరదలు చెబుతుంది," అని ఫోన్ ఆమె చేతిలో పెట్టేసి గుమ్మం దాకా వెళ్ళిపోయారు.

ఆమె ఒక్క క్షణం ఆయన వీపు వైపు చూసింది. తర్వాత ఫోన్ చెవికి ఆనించి, గుమ్మం దాకా వినపడేలా చెప్పింది.

"డాక్టర్ గారూ, ఆ వంతెనకు కొలతలు తీసిందీ నేనే, మోడల్ చేసిందీ నేనే. మిగతా భవనాలకు మొదట టేపుతో వస్తాను. షీటు మీద ఎవరి పేరు వేయాలో కూడా ఇప్పుడే రాసుకోండి."

అటువైపు డాక్టరమ్మ కలం వెతుక్కుంటోంది.