గడ్డ అన్న మాటకు ఉదాహరణ

అనూరాధకు ముందే తెలుసు. తెలిసీ సూరన్నకు చెప్పలేదు. ఇందులో వాదించడానికేమీ లేదు, పుస్తకంలో తేదీతో సహా ఉంది.

సూరన్నది కొండ ఊరు. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి దిగివచ్చి గోపాలపట్నంలో ఉండిపోయాడు. వాళ్ల కొండ భాష పూర్తిగా వచ్చినవాళ్లు పదిమందే మిగిలారు. అందులో అతని భార్య సన్యాసమ్మంత మాటకారి ఇంకొకరు లేరు. నిఘంటువు రాస్తానని వచ్చిన అనూరాధ నాలుగేళ్లు ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుంది. చేపల పులుసు తింది. పిన్నీ అని పిలిచింది.

సన్యాసమ్మ పోయి ఏడాదయింది. పుస్తకం వచ్చాక, ఆదివారాలు మధురవాడలో తమవాళ్ల పిల్లలకు భాష నేర్పడానికి సూరన్న ఒప్పుకున్నాడు. ఆ రోజు కాలేజీ పిల్ల రోజారమణి పేజీ తిప్పింది.

"తాతా, గడ్డని మనోళ్లు ఏటంటారు?"

"నీ బుర్రనంటారు. సదువు."

నవ్వుతూ చదివింది. ప్రతి మాట కింద దాన్ని వాడిన వాక్యం, తెలుగు అర్థం, చెప్పినవారి పేరు, రికార్డు చేసిన తేదీ ఉన్నాయి.

"నా రొమ్ములో గడ్డ లేచింది. మా ఆయనకు చెప్పకు." చెప్పినవారు సన్యాసమ్మ. తేదీ మూడేళ్ల కిందటిది.

రోజారమణి నవ్వు ఆగిపోయింది.

సన్యాసమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ తేదీకి ఏడాదిన్నర తర్వాత. ఇన్నాళ్లు గాడిదలు కాశావా అని డాక్టరు సూరన్ననే తిట్టాడు. అప్పుడు అనూరాధ పక్కనే నిలబడి ఉంది.

ఇప్పుడూ వెనక బెంచీలోనే ఉంది.

"ఏటమ్మా ఇది?"

"పిన్ని ఒట్టు వేయించుకుంది బాబాయ్. ఆసుపత్రికి రమ్మని ఎంతో బతిమాలాను. సెలవు పెడితే మీ పని పోతుందని రాలేదు."

"ఒట్టని నాకు సెప్పకుండా, అచ్చేసి అందరికీ సెప్పీసినావా?"

ఆమె తల దించుకుంది. "ఆ మాటకి ఇంకో వాక్యం దొరకలేదు."

సూరన్న సన్యాసమ్మనూ క్షమించలేదు. పక్కన పడుకున్న మనిషికి చెప్పని సంగతి రికార్డరుకు చెప్పింది.

వారం తిరక్కుండా అనూరాధ గోపాలపట్నం వచ్చింది. మళ్లీ అచ్చు వేసేటప్పుడు ఆ వాక్యం తీసేస్తుందట.

"బదులుగా మీరొకటి చెప్పండి బాబాయ్. మిగతావాళ్లెవరికీ ఆ మాట గుర్తులేదు. మీరు చెప్పకపోతే ఆ మాటే పోతుంది."

సూరన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పోనీ. నాను సెప్పను. ఈ ఊసు నా కాడ ఎత్తకు. నువ్వే కాదు, ఎవులెత్తినా ఇంక పలకను."